ఒరిజినల్ పేరుతో క్లోన్ పెట్రోల్ ఆర్‌సీ కార్లు: గోదావరి జిల్లాల్లో కొనేవారికి హెచ్చరిక

పెద్ద సైజు పెట్రోల్ ఆర్‌సీ కారు, అంటే రిమోటుతో నడిపే చిన్న కారు, కొనే ఆలోచనలో ఉన్న తోటి మిత్రులందరికీ ఒక విషయం ముందే తెలియాలని ఇది రాస్తున్నాను. ఒరిజినల్ హెచ్‌పీఐ కంపెనీ బాజా కారు అనీ, అందులో జపాన్ జెనోవా ఇంజను వేసి ఉందనీ నమ్మబలికి, లక్ష రూపాయలు దాటిన ధరకు క్లోన్ బండిని, అంటే దాని నమూనాలో వేరే కంపెనీ చేసిన నకలును, అంటగట్టే వ్యాపారులు ఉన్నారు. నాకు అమ్మింది అలాంటి బండే. డబ్బు నష్టం సంగతి అలా ఉంచితే, ఆ బండి మనిషికి తగిలి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

క్లోన్ అంటేనే చెడ్డదని నేను అనడం లేదు. ఐదో వంతు స్కేలులో వచ్చే బాజా 5బి నమూనాను అనుసరించి రోవాన్, కింగ్ మోటార్ వంటి చైనా కంపెనీలు తమ సొంత పేర్లతోనే, బాహాటంగానే కార్లు తయారు చేస్తున్నాయి. వాటి విడిభాగాలు చాలావరకు హెచ్‌పీఐ బండికి సరిపోతాయి, హెచ్‌పీఐ విడిభాగాలు వాటికి సరిపోతాయి. ధర కూడా చాలా తక్కువ. తెలిసి, ఆ ధరకే కొనుక్కుని, చేతికి రాగానే ప్రతి స్క్రూ విప్పి బిగించుకుని ఏళ్ల తరబడి హాయిగా నడుపుకునేవారు ఎందరో ఉన్నారు. నా ఫిర్యాదు క్లోన్ మీద కాదు, దానికి ఒరిజినల్ ముసుగు వేసి ఒరిజినల్ ధర గుంజడం మీద.

నాకు వచ్చిన బండికి పైకప్పు (బాడీ), స్టిక్కర్లు, అట్టపెట్టె అన్నీ ఒరిజినల్‌వే. లోపలి ఛాసీ (చట్రం), ఇంజను మాత్రం వేరు. సార్వా కోతలు అయిపోయి దాళ్వా ఊడ్పులు ఇంకా మొదలుకాని రోజుల్లో మా చేలు గట్టిపడి మైదానంలా ఉంటాయి కనుక అక్కడే నడిపాను. మొదటి ట్యాంకు పెట్రోలు అయ్యేలోపే వెనుక చక్రాల దగ్గరి స్క్రూలు వదులయ్యాయి. లోహంలోకి దిగే స్క్రూలు అదురుకు వదులు కాకుండా మరలకు లాకింగ్ జిగురు పూస్తారు. ఈ బండిలో ఏ స్క్రూ విప్పి చూసినా ఆ జిగురు చుక్క కనిపించలేదు. అలెన్ కీ పెట్టి తిప్పితే ఆరు పలకల గుంట ఇట్టే అరిగి గుండ్రంగా అయిపోయేంత మెత్తటి ఇనుము అది.

ఇంజను వేడెక్కి పట్టేయడం మొదలుపెట్టాక రావులపాలెంలో పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే యంత్రాలు బాగుచేసే మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్లాను. ఈ కార్ల ఇంజన్లు ఆ జాతికి చెందిన టూ స్ట్రోక్ ఇంజన్లే కనుక ఆయన చేతికి అవి కొత్త కాదు. తాడు లాగి స్టార్ట్ చేసే మూత మీద జెనోవా అన్న స్టిక్కరు ఉంది. ఆయన పెట్రోలు తడిపిన గుడ్డతో తుడవగానే అది జారి ఊడివచ్చింది. దాని కింద వేరే పేరును ఎమరీ కాగితంతో అరగదీసిన మచ్చ స్పష్టంగా కనిపించింది. తరువాత కార్బురేటర్ విప్పి, టార్చి వేసి నాకే చూపించారు. జెనోవా ఇంజనుకు వచ్చే అసలైన వాల్‌బ్రో కార్బురేటర్‌కు కంపెనీ పేరు, డబ్ల్యూటీ 668 వంటి మోడల్ నంబరు లోహం మీదే గుద్ది ఉంటాయి. దీని మీద ఒక్క అక్షరం లేదు. “ఇది జపాను సరుకు కాదండి, ఆయ్, ఎవరో మీకు పేరు అంటించి అమ్మేశారండి” అన్నారు ఆయన.

అసలు ప్రమాదం మాత్రం ఇంజను కంపెనీ పేరులో లేదు. బాజా వంటి బండి బరువు సుమారు 10 కిలోలు, వేగం గంటకు 60 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. వీటి ఇంజన్లలో నిప్పురవ్వ ఇంజను తిరుగుడుతోనే కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి పుడుతుంది, అంటే ఇంజను తిరుగుతున్నంతసేపు బ్యాటరీతో దానికి పని లేదు. బ్యాటరీ కేవలం రిమోటు సిగ్నల్ అందుకునే రిసీవర్‌కు, స్టీరింగును, థ్రాటిల్‌ను కదిలించే సర్వో మోటార్లకు. నా బండిలో కుదుపులకు ఆ బ్యాటరీ వైరు ఊడిపోయింది. సిగ్నల్ పోతే బ్రేకు వేయాల్సిన ఫెయిల్‌సేఫ్ కూడా ఆ రిసీవర్‌లోనే ఉంటుంది కనుక, రిసీవర్‌కు కరెంటు పోయిన క్షణాన అది కూడా చచ్చిపోయింది. థ్రాటిల్ సర్వో ఎక్కడ ఉన్నది అక్కడే నిలిచిపోయింది, దాన్ని వెనక్కి లాగవలసిన స్ప్రింగు బండికి లేనే లేదు. నా చేతిలో రిమోటు ఉన్నా లేనట్టే అయింది. బండి పూర్తి వేగంతో చేను దాటి, బోదె ఎగిరి, కాలువ గట్టున కొబ్బరి మొదలుకు కొట్టుకుని ఆగింది. ఆ చెట్టుకు నాలుగు బారల దూరంలో మా వీధి పిల్లలు నిలబడి చూస్తున్నారు.

ఇలాంటి సందర్భం కోసమే ఎలక్ట్రానిక్ కిల్ స్విచ్ అనే చిన్న పరికరం ఉంది. సిగ్నల్ పోయినా, రిసీవర్ బ్యాటరీ పోయినా అది ఇగ్నిషన్ కాయిల్‌ను ఎర్త్ చేసి ఇంజనును ఆపేస్తుంది. అమ్మిన వ్యక్తి అది బిగించి ఉందని వాట్సాప్‌లో రాసి పంపాడు. విప్పి చూస్తే నల్ల వైరు ముక్క ఒకటి ఛాసీకి టేపుతో అంటించి ఉంది, అంతకుమించి ఏమీ లేదు.

కాబట్టి మీరు ఎవరి దగ్గర కొన్నా, డబ్బు చేతికి ఇచ్చే ముందు పైకప్పు తీయించండి. పైకప్పు, స్టిక్కర్లు, పెట్టె విడిగా దొరికేవే కనుక వాటిని చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. ఇంజను మూతను, కార్బురేటర్ పక్కభాగాన్ని దగ్గరగా ఫొటో తీసి పంపమని అడగండి, స్టిక్కరు కాక లోహం మీది అక్షరాలు చూడండి. సిలిండర్ కొలతలు అడిగి ప్రయోజనం లేదు, ఎందుకంటే జెనోవా జీ260 ఇంజనుకున్న 34 మిల్లీమీటర్ల బోరు, 28 మిల్లీమీటర్ల స్ట్రోకు కొలతలనే క్లోన్లూ అనుసరిస్తాయి. తరువాత వెనుక చక్రాలు నేలకు తగలకుండా బండిని ఎత్తి పెట్టించి, ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా ముందు రిమోటు ఆపించండి, మళ్లీ స్టార్ట్ చేయించి ఈసారి బండిలోని రిసీవర్ స్విచ్ ఆపించండి. రెండోసారి కూడా ఇంజను ఆగిపోవాలి. ఆగకపోతే ఆ బండికి కిల్ స్విచ్ లేదు, లేదా ఉన్నది పనిచేయడం లేదు. ఈ పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దని నా గట్టి మాట.

అమ్మిన వ్యక్తికి నేను ఫిర్యాదు చేసినప్పుడు వచ్చిన జవాబు కూడా మీకు తెలియాలి. “మీ గోదావరి ఇసుక, మీ పెట్రోలు వల్లే ఇంజను పోయింది” అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది కనుకే అది పనికివచ్చే సాకు అవుతుంది. మన లంకల్లోని మెత్తటి ఒండ్రు దుమ్ము ఎయిర్ ఫిల్టర్‌కు నూనె పట్టించకపోతే సిలిండర్‌లోకి చేరుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బురేటర్‌లోని రబ్బరు డయాఫ్రమ్‌ను గట్టిపరుస్తుంది, కోనసీమ వానాకాలంలో ఇది మరీ ఎక్కువ. అందుకే నడిపిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కూడా కాలిపోయేదాకా ఇంజను తిప్పి ఆపాలి. లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల మంచి 2టీ ఆయిల్, అంటే 25కు 1 పాళ్లలో కలపాలి. నేను ఇవన్నీ పాటించాను, ఆయిల్ బిల్లులు కూడా ఉన్నాయి. ఇవి ఒరిజినల్‌కైనా క్లోన్‌కైనా తప్పని జాగ్రత్తలే. ఏ దుమ్మూ, ఏ ఇథనాలూ ఇంజను మీది పేరును ఎమరీ కాగితంతో అరగదీయవు.

ఏది కొనాలని నన్ను అడిగేవారికి నా అభిప్రాయం ఇది. మొదటి పెట్రోల్ బండి అయితే, క్లోన్ అని చెప్పి క్లోన్ ధరకే అమ్మేవారి దగ్గర తీసుకోండి. మిగిలిన డబ్బులో మొదట కిల్ స్విచ్, తరువాత మంచి స్టీరింగ్ సర్వో, ఆ పైన ఎప్పుడైనా అసలైన జెనోవా ఇంజను కొనుక్కోవచ్చు. ఒరిజినలే కావాలనుకునేవారు కంపెనీ గుర్తించిన డీలరు నుంచి బిల్లుతో తెప్పించుకోండి. కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ కలిపితే ధర ఎంత పెరుగుతుందో లెక్క వేసుకుంటే, సగం ధరకే దిగుమతి ఒరిజినల్ అనే మాటలో ఎంత నిజముందో మీకే తెలుస్తుంది.

మోసపోయినవారు ఊరుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు ఏ ఊరివాడైనా మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, గడువు రెండేళ్లు. నేను ప్రకటన స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ సందేశాలు, ఊడిన స్టిక్కరు, మెకానిక్ చేతిరాతతో ఇచ్చిన చీటీ అన్నీ భద్రపరిచి 1915లో ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే కమిషన్‌కు వెళతాను. ఇలాగే స్టిక్కరు మార్చిన బండి మీకూ వచ్చి ఉంటే, ఇంజనును శుభ్రం చేయకముందే, ఆ అరగదీసిన చోటును వెలుతురులో ఫొటో తీసి ఉంచుకోండి.