చీరలు మంచిగనే ఉన్నయి, కానీ అడగకుండ వీడియో తీస్తున్నరు

చెల్లె పెండ్లికని మొన్న అమ్మను తీస్కొని హన్మకొండల ఈ చీరల షాపుకు పోయిన. చీరలు మస్తున్నయి, గద్వాల, పోచంపల్లి రెండూ మంచి రంగులల్ల దొరికినయి, బేరం ఆడితే తగ్గిస్తరు కూడా. కానీ అమ్మ భుజం మీద చీర వేస్కొని అద్దంల చూస్కుంటుంటే పక్కకెల్లి ఒక పిల్లగాడు ఫోన్‌తోని వీడియో తీస్తున్నడు, ఏందని అడిగితే "రీల్ కోసం అక్కా, అందరివీ తీస్తం" అన్నడు. ముందుగాల అడగాలె కదా? అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది, అది చూస్తే నా పాణం గిలగిలలాడింది.

ఓనర్‌ను పిలిచి చెప్పిన, 2017ల సుప్రీంకోర్టు 9 మంది జడ్జిలు ఒక్కటే మాట మీద ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నరు, షాపు మీదే గాని ముఖం మాది అని. గులుక్కుంటనే నా ముందట డిలీట్ చేయించిండు, ట్రాష్‌లకెల్లి గూడ.

ట్రయల్ రూమ్ కర్టెన్ సగమే వస్తది, దాని పక్కకే ఫోన్లు పట్టుకొని తిరుగుతున్నరు, ఇది ఇంకా డేంజర్, బట్టలు మార్చుకునేటప్పుడు ఆడోళ్లను తీస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, నేరాలకు శిక్షలు చెప్పే చట్టం) సెక్షన్ 77 కింద మొదటిసారికే ఏడాది నుంచి 3 ఏండ్ల దాక జైలు. చీరలకైతే 4 స్టార్లు, మొత్తానికి 2 ఇస్తున్న. పోయేటోళ్లు లోపలికి పోంగనే వీడియో వద్దని చెప్పుండ్రి, ట్రయల్ రూమ్‌కు డోర్ పెడితే నేను మళ్ల పోత.