బెర్లియోజ్ పరీక్ష పాటలు: ఎర్మినీ మేలా, క్లియోపాత్రా మేలా?

ఫ్రెంచ్ సంగీతకర్త బెర్లియోజ్ అంటే చాలామందికి 'సింఫనీ ఫాంటాస్టిక్' ఒక్కటే. దానికి ముందు ఆయన ఒకే పోటీకి ఏటా కూర్చుని కుస్తీ పట్టాడు. పారిస్‌లోని లలితకళల అకాడమీ అప్పట్లో పెట్టిన 'ప్రీ ద రోమ్' అది. గెలిస్తే ఐదేళ్లు స్టైపెండ్, రోమ్‌లో మకాం. అభ్యర్థులందరికీ ఒకే కవిత ఇచ్చి గదుల్లో పెట్టేవారు. బయటికొచ్చేసరికి గొంతుకీ ఆర్కెస్ట్రాకీ కలిపి ఒక కంటాటా, అంటే కథ చెప్పే పెద్ద పాట, సిద్ధం కావాలి. మన అవధానంలో దత్తపది లాంటి బిగింపే. కాకపోతే తీర్పు చెప్పేవాళ్లలో చిత్రకారులు, శిల్పులు కూడా ఉండేవారు! పైగా వాళ్లు వినేది పియానో మీద. 1827లో బెర్లియోజ్ రాసిన 'ఓర్ఫియస్ మరణం' ఆ పియానోకి లొంగక, వాయించడానికే వీల్లేదని పక్కకి పోయింది.

తర్వాతి రెండేళ్లవి 'ఎర్మినీ' (1828), 'క్లియోపాత్రా మరణం' (1829). రెండింటికీ సాహిత్యం వియేయార్ అనే కవిదే, రెండూ ఒక్క ఆడగొంతుకే, రెండూ ఇరవై నిమిషాలు అటూ ఇటూ. మొదటిదానికి రెండో బహుమతి వచ్చింది. రెండోదానికి ఏమీ రాలేదు. ఆ ఏడాది మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు.

సింఫనీ తెలిసినవాళ్లకి ఎర్మినీ మొదట్లోనే ఒక చిన్న షాక్. శత్రుపక్షపు వీరుడు టాంక్రెడ్‌ని ప్రేమించిన పిల్ల కథ ఇది, ఇటలీ కవి టాస్సో కావ్యంలోది. గొంతు ఇంకా అందుకోకముందే వయొలిన్లు ఎత్తుకునే ట్యూన్, 1830లో సింఫనీ అంతటా ప్రియురాలిలా వెంటాడే ట్యూన్ ఒకటే. ఇక్కడ అది ఇంకా పసిది. ఆ సరదా కోసం వినొచ్చు, చివర్లో ప్రార్థన కూడా బాగుంటుంది. మధ్యలో మాత్రం పరీక్ష పేపర్ వాసన కొడుతుంది.

నా ఓటు క్లియోపాత్రాకే. ఫారోల సమాధుల్ని తలుచుకుంటూ రాణి పాడే చోట, కింద బాస్ తీగలు మీటుతూ ఒకే నడక వదలకుండా నడుస్తాయి. ఎవరో చీకట్లో మెట్లు దిగుతున్నట్టుంటుంది. బెర్లియోజ్ దీన్నే తర్వాత తన మరో రచన 'లెలియో'లో నీడల బృందగానంగా వాడుకున్నాడు. పోటీ అయ్యాక జడ్జీల్లో ఒకరైన బొయెల్ద్యూ దారిలో కనబడి, తనకి జోల పాడే సంగీతమే ఇష్టమన్నాడట. పాము కాటుతో చచ్చిపోతున్న ఈజిప్టు రాణికి జోల ఎలా రాయనని బెర్లియోజ్ వాపోయాడు. స్వయంగా ఆత్మకథలో రాసుకున్న ముచ్చట. కొంచెం మసాలా కలిపే ఉంటాడు, అయినా న్యాయం ఆయన పక్షానే ఉంది.

గాయని జానెట్ బేకర్ రెండూ పాడింది, ఆ రికార్డింగులు చాలు. ఒక్కటే వినే తీరిక ఉంటే క్లియోపాత్రా పెట్టుకోండి, హెడ్‌ఫోన్స్‌తో. కాటు పడ్డాక పాట ఇక పాటగా ఉండదు. మాటలు ముక్కలై, ఊపిరి అందక ఒక్కొక్కటే రాలుతుంటాయి. సీజర్ పేరు పలికి ఆమె ఆగిపోతుంది. తీగలు ఇంకాసేపు వణికి, అణగారి, ఎక్కడ ఆగాయో తెలియకుండా ఆగుతాయి. చప్పట్ల కోసం ఆయన ఒక్క స్వరం కూడా కలపలేదు.