పాలపిట్ట టాటూ గీయడానికి ప్రోక్రియేట్ ఎంతవరకు పనికొస్తుంది?

నీటిరంగుల బొమ్మలా కనిపించే వాటర్‌కలర్ టాటూ డిజైన్‌కి ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ అనే బొమ్మలు గీసే యాప్ మంచిది. ఒకసారి కొంటే సరి, నెలనెలా కట్టే పని లేదు. కాకపోతే స్క్రీన్ మీద మురిపించే రంగులన్నీ చర్మం మీద నిలవవు. ఆ సంగతి యాప్ చెప్పదు, గీసేవాళ్లకే తెలిసుండాలి.

పాలపిట్టనే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు కంటబడితే శుభశకునం. కొమ్మ మీద వాలి ఉన్నప్పుడు చాలావరకు గోధుమరంగే కనిపిస్తుంది, అసలు నీలాలన్నీ రెక్క విప్పితేనే బయటపడతాయి. కాబట్టి కూర్చున్న పిట్టను గీసి, చుట్టూ నీలం చల్లితే అది పాలపిట్ట అవ్వదు. ఎగిరే భంగిమే గీయాలి. ముంజేతి మీదైతే ముక్కు ఒంటి వైపు తిరిగి ఉంటే బాగుంటుంది.

కాన్వాస్ మొదట్లోనే 15×20 సెంటీమీటర్లు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) పెట్టుకోవాలి. ఇది చిన్న చిన్న చుక్కలతో (పిక్సెల్స్‌తో) బొమ్మ కట్టే యాప్, తర్వాత సాగదీస్తే గీతలు మసకబారతాయి. అలాగని మరీ పెద్దది పెడితే వాడుకోగలిగే లేయర్ల (ఒకదాని మీద ఒకటి పరిచే పొరల) సంఖ్య తగ్గిపోతుంది.

దీనిలో బాగా పనికొచ్చేది మల్టిప్లై మోడ్, అంటే పై లేయర్ రంగును కింది రంగుతో కలిపి ముదురుగా చూపించే పద్ధతి. టాటూ పడే చోటును పగటి వెలుగులో ఫొటో తీసి అడుగు లేయర్‌లో పెట్టండి. రంగుల లేయర్లన్నీ దాని మీద మల్టిప్లైలో ఉంచండి. తెల్ల కాన్వాస్ మీద మెరిసిన లేతనీలం చామనఛాయ చేతి మీద బూడిదరంగుకి తిరుగుతుంది, నిమ్మపసుపు దాదాపు మాయమవుతుంది. ఇంకు చర్మపు పైపొర కింద ఉంటుంది, మనం దాన్ని ఆ పైపొర రంగులోంచి చూస్తాం కాబట్టి మానాక జరిగేదీ ఇంచుమించు ఇదే. అందుకే రెక్కల పట్టీలకి ముదురు నీలం, గట్టి టర్కాయిస్ వాడాలి. తెలుపు మీద ఆశ పెట్టుకోవద్దు.

వాటర్ బ్రష్‌లలో కాగితపు గరుకు కనిపించేవాటిని పక్కన పెట్టండి. ఆ గరుకును సూది దింపలేదు, మచ్చల్లా మిగులుతుంది. బ్రష్‌ల సెట్టింగ్‌లు మార్చుకునే బ్రష్ స్టూడియోలో వెట్ మిక్స్ కింద డైల్యూషన్ పెంచితే పలచదనం వస్తుంది. రంగు చిందినట్టుండే మరకలు నాలుగైదు చాలు. పెన్ను మొనంత చుక్కలు మానాక పుట్టుమచ్చల్లా కనిపిస్తాయి!

గీతలు అసలే వద్దనే ఫ్యాషన్ ఒకటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రంగు అంచులు పాకుతాయి, ఆకారం చెదురుతుంది. కనీసం ముక్కు, కన్ను, రెక్క చివరి ఈకలకైనా నల్ల గీత ఉండాలి. పక్కపక్క గీతల మధ్య ఓ మిల్లీమీటరైనా ఖాళీ వదలండి. బ్రష్‌లో స్ట్రీమ్‌లైన్ పెంచితే చెయ్యి వణుకు కనిపించదు.

ఆర్టిస్ట్‌కి రెండు ఫైళ్లు ఇవ్వాలి: స్టెన్సిల్‌కి (చర్మం మీదికి గీతలు దింపే అచ్చుకి) గీతల లేయర్ ఒక్కటే పీఎన్‌జీ ఫైలుగా, రంగుల డిజైన్ విడిగా. ప్రింట్ తీసేటప్పుడు ‘ఫిట్ టు పేజ్’ ఆపకపోతే సైజు మారిపోతుంది.

లోపాలూ ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో దొరకదు. రంగు చిందినట్టు వేసే స్ప్లాటర్ బ్రష్‌ల ముద్ర ఎప్పుడూ ఒకటే కావడంతో, వాటినే నమ్ముకున్న డిజైన్లన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. నిజమైన తడి పారకం కావాలంటే కాగితం మీద నీళ్లతో వేసి, ఫొటో తీసి ఇందులోకి తెచ్చుకోవడమే మేలు. ఒక్క టాటూ కోసమైతే ఐప్యాడ్ కొనకండి, ఆ డబ్బు మంచి ఆర్టిస్ట్‌కి ఇవ్వండి.