టెక్సాస్ గోల్డ్ కొలంబైన్: మొక్కకి నాలుగు స్టార్లు, దాని లేబుల్‌కి సున్నా

మా ఇల్లు డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. పెరట్లో ఎండ తగిలే జాగా అంతా గోంగూరకీ, బీరపాదుకీ పోయింది. ఓక్ చెట్టు కింద మాత్రం ఏం పెట్టినా బతికేది కాదు. ఆ నీడ కోసమే కిందటేడు ఫిబ్రవరిలో ఒక నర్సరీలో టెక్సాస్ గోల్డ్ కొలంబైన్ కొన్నాను. గాలన్ సైజు కుండీలు రెండు, ఒక్కోటి 14 డాలర్లు.

పేరుకి తగ్గట్టే ఇది టెక్సాస్ మొక్క. శాస్త్రీయంగా అక్విలీజియా క్రిసాంత అనే జాతిలో హింక్లియానా అనే రకం. అడవి మొక్కగా దీని సొంతూరు ఒక్కటే: పడమటి టెక్సాస్‌లో ప్రెసిడియో కౌంటీ, కపోటె జలపాతం. చుట్టూ ఎడారి, మధ్యలో 175 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు, ఆ తడి రాళ్ల సందుల్లో ఈ పసుపు పూలు. అదంతా ప్రైవేటు భూమిలో ఉంది కాబట్టి కారేసుకుని వెళ్లి చూసొచ్చే వీల్లేదు. టెక్సాస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు తోటలకు పనికొస్తుందని 'టెక్సాస్ సూపర్‌స్టార్' మొక్కల్లో చేర్చబట్టి మనకి నర్సరీల్లో దొరుకుతోంది.

ఇంత చరిత్ర ఉన్న మొక్కకి ఆ నర్సరీ వాళ్లు తగిలించిన లేబుల్ చూడండి: 'ఫుల్ సన్, రోజూ నీళ్లు'. నేను నమ్మాను. ఒకదాన్ని బీరపాదు పక్కన ఎండలో పెట్టి, రోజూ పైపుతో తడిపాను. ఇక్కడి మట్టి అచ్చం మన నల్లరేగడి, నీళ్లు పోస్తే జిగురు, ఆరితే పగుళ్లు. ఏప్రిల్ చివరికి మొక్క మొదలు కుళ్లి, పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది. నర్సరీకి ఫోటో పంపితే 'మీరు నీళ్లు ఎక్కువ పోశారు' అన్నారు. రోజూ పొయ్యమన్నది వాళ్ల లేబులే!

రెండోది బతికిందంటే అమ్మ పుణ్యం. అప్పుడు ఆవిడ ఇక్కడే ఉంది. మాది మార్కాపురం, పలకల ఊరు. జలపాతం సంగతి చెప్పగానే, "రాళ్లలో పుట్టినదాన్ని ఈ బురదలో పాతిపెడతావేంటే?" అని, నేల మీద పరిచే పాత పేవర్ రాళ్లు పగలగొట్టించి, ఆ ముక్కలు మట్టిలో కలిపి, ఓక్ చెట్టు కింద జానెడు ఎత్తున మడి కట్టింది. నీళ్లు పోస్తే తడి ఉంటుంది కానీ నిలవదు.

మార్చి ఆఖర్న పూసింది. రెండడుగుల కాడలు, తంగేడు పూల పసుపు. ఒక్కో పువ్వుకి వెనక్కి సాగిన తోకలు ఐదు. తేనె ఆ తోకల చివర ఉంటుంది, అంత పొడుగు నాలుక ఉన్నవాళ్లకే అందుతుంది. సందెవేళ పెద్ద రెక్కల పురుగొకటి గాల్లోనే నిలబడి తాగి పోతుంటే నేనూ అమ్మా టీ చల్లారిపోయేదాకా చూశాం. ఆకు కాస్త కొత్తిమీరలా ఉంటుంది. అమ్మ ఒక రెమ్మ తుంచి వాసన కూడా చూసింది. తినేది కాదు, గింజలూ వేర్లూ విషం. చిన్నపిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, మే నుంచి ఆకుల మీద తెల్లటి మెలికల గీతలు పడ్డాయి, ముగ్గు వేసినట్టు. ఆకు లోపల పురుగు తొలుస్తుంది. మొక్క చావదు కానీ చూడ్డానికి బాగోదు. ఆ ఆకులు కోసిపారేశాను. జులై ఎండకి మొక్క మొత్తం నీరసపడి పోయినట్టే కనిపిస్తుంది. కంగారుపడి నీళ్లు గుమ్మరించకండి. పైగా దీని ఆయుష్షు తక్కువ, కొన్నేళ్లే.

అయితే గింజలకి కొదవ లేదు. ఎండిన కాయల్లోంచి నల్లగా నిగనిగలాడే గింజలు రాలతాయి. పైన మట్టి కప్పకుండా చల్లాలి, మొలవడానికి వెలుతురు కావాలి. దగ్గర్లో ఎర్ర కొలంబైన్ ఉంటే మాత్రం రెండూ కలిసిపోయి, పిల్ల మొక్కలు వేరే రంగు పూస్తాయి. అచ్చమైన పసుపే కావాలంటే ఒకటే రకం పెంచండి.

ఈ వసంతంలో నాకు 11 మొలకలు వచ్చాయి. అమ్మ కట్టిన మడిలో రెండే. మిగతా తొమ్మిదీ నడవడానికి పరిచిన రాళ్ల సందుల్లో, ఎవరూ చల్లని చోట. ఇప్పుడు పెరట్లోకి వెళ్లేటప్పుడు అందరం పక్కనుంచి తిరిగి వెళ్తున్నాం.