కెర్నల్-డాక్ తనిఖీ: మంచి పనిముట్టే, కానీ సగం పనికే

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) సోర్సుతో పాటే వచ్చే కెర్నల్-డాక్ స్క్రిప్టును, అంటే కోడు మధ్య మనుషుల కోసం రాసే వివరణలను (కామెంట్లను) తనిఖీ చేసే చిన్న ప్రోగ్రామును, ఒడిశాలో బరంపురంలోని తెలుగు ఇంజనీరింగ్ విద్యార్థులతో కలిసి, మెమరీ మేనేజ్‌మెంట్ కోడు మీద వాడి చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియా చదివి, ఇప్పుడు ఇంగ్లీషు కామెంట్లను పట్టుకుని కోడులోకి దిగుతున్న ఈ పిల్లలకు తప్పు కామెంటు చేసే నష్టం అందరికన్నా ఎక్కువ.

ఫంక్షన్ పైనున్న కామెంటులో ప్రతి ఆర్గ్యుమెంటుకూ (ఫంక్షనుకు అందించే విలువకు) వివరణ ఉందో లేదో ఈ స్క్రిప్టు చూస్తుంది. ఆర్గ్యుమెంటును తీసేసి వివరణను మరచిపోయినా, కొత్తది చేర్చి వివరణ రాయకపోయినా, ఫైలు పేరుతో, లైను నంబరుతో సహా హెచ్చరిస్తుంది. అదనపు హెచ్చరికలు అడిగే డబ్ల్యూ=1 (W=1) పెట్టి బిల్డ్ చేస్తే సీ ఫైళ్లకు ఈ తనిఖీ దానంతటదే జరుగుతుంది. నెట్ అక్కరలేదు. ఇంతవరకు వంక పెట్టడానికి ఏమీ లేదు.

అసలు లోటు యాక్సెస్_ఓకే (access_ok) చరిత్రలో కనిపిస్తుంది; యూజర్ ప్రోగ్రాము ఇచ్చిన మెమరీ అడ్రసు కెర్నల్ ముట్టుకోదగ్గదేనా అని చూసేది ఇది. 80386 ప్రాసెసరు కెర్నల్ మోడ్‌లో మెమరీ పేజీల రైట్-ప్రొటెక్ట్ బిట్‌ను (రాయకూడదని చెప్పే గుర్తును) లెక్కచేసేది కాదు కాబట్టి, యూజర్ మెమరీలోకి రాయబోతున్నామా, చదవబోతున్నామా అన్నది ముందే తెలియాల్సి వచ్చి, అందుకోసం 'టైప్' అనే ఆర్గ్యుమెంటు పెట్టారు. 486 నుంచి ఆ అవసరం తీరింది, 2012లో 386 మద్దతునే తొలగించారు, అయినా ఆ ఆర్గ్యుమెంటు మాత్రం 2019 జనవరిలో లినక్స్ సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ తీసేసేదాకా అలాగే ఉండిపోయింది. ఎక్స్86 (ఇంటెల్ తరహా ప్రాసెసర్ల) కోడులో దానికి చక్కని వివరణ కూడా ఉండేది. పేరుకు పేరు సరిపోయింది కనుక ఇలాంటి చోట స్క్రిప్టుకు అభ్యంతరం ఉండదు. యాక్సెస్_ఓకే అసలు ఫంక్షను కాక మాక్రో (కంపైలుకు ముందే కోడుగా విస్తరించే సంక్షిప్త రూపం) కావడంతో, ఆర్గ్యుమెంటు వాడలేదని జీసీసీ కంపైలరు చెప్పే హెచ్చరికకూ అందదు. పైగా కాల్‌బ్యాక్ ఫంక్షన్లన్నీ (వేరే కోడు పిలవడానికి అప్పగించే ఫంక్షన్లు) ఒకే రూపంలో ఉండాల్సిన కెర్నల్లో ఆ హెచ్చరిక కుప్పలుతెప్పలుగా వస్తుంది; డబ్ల్యూ=1 లోనూ దాన్ని ఆపేసే ఉంచారు, అది న్యాయమే.

అందువల్ల కామెంట్లను సమీక్షించేవారికి ఈ స్క్రిప్టును తప్పక వాడమనే చెబుతాను, కానీ అది మౌనంగా ఉన్న ఫైలును సరైనదని ఒప్పుకోవద్దు. వివరణ ఉన్న ప్రతి ఆర్గ్యుమెంటూ ఫంక్షన్ లోపల ఎక్కడ వాడుకలో ఉందో వెతకాలి, ఆర్కిటెక్చర్ల (ప్రాసెసరు రకాల) వారీగా ఉన్న నిర్వచనాలన్నీ తెరవాలి. పేజీ టేబుళ్లకు మెమరీ కేటాయించే పీటీఈ_అలాక్ (pte_alloc) ఫంక్షన్ల నుంచి వాడకం లేని అడ్రస్ ఆర్గ్యుమెంటును 2019లో తీసేసినప్పుడు ఆర్కిటెక్చర్లన్నిటినీ ముట్టుకోవలసి వచ్చింది.