మంచులో దొరికిన హెల్మెట్: మన అల్మారాకా, మ్యూజియానికా?

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915-18 మధ్య, ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ సైనికులు ఆల్ప్స్ పర్వతాల్లో 3,000 మీటర్లకు పైన కూడా ఒకరితో ఒకరు పోరాడారు. ఇప్పుడు అక్కడి మంచు కరిగే కొద్దీ హెల్మెట్లు, తూటాలు, ముళ్లకంచెలు బయటపడుతున్నాయి.

సొంతంగా ఏరుకుని దాచుకునేవాళ్లను నేను తేలిగ్గా తీసిపారేయను. మ్యూజియాలు ఏర్పడకముందే ఎన్నో వస్తువులు తుక్కు ఇనుము కింద పోకుండా కాపాడింది అలాంటివాళ్లే. చేత్తో పట్టుకుంటే కలిగే ఆ దగ్గరితనం గాజు పెట్టె ముందు నిలబడితే రాదు. కానీ పేలని గుండ్లతో ప్రాణభయం ఉంది. ఇటలీ 2001 చట్టం ప్రకారం చారిత్రక విలువున్న వస్తువు దొరికితే 60 రోజుల్లో స్థానిక మేయర్‌కు తెలపాలి కూడా.

ఇక రెండో దారి, మ్యూజియం. ఇటలీ ఆల్ప్స్‌లో 3,632 మీటర్ల ఎత్తున ఉన్న పుంటా లింకే చూడండి. అది ఆస్ట్రియా సైన్యపు రోప్‌వే స్టేషన్. పురావస్తు నిపుణులు మంచును తవ్వి, ఇంజిన్‌ను, గడ్డితో అల్లిన బూట్లను వెలికితీశారు. ఆ బూట్లు ఒక్కటే ఎవరింట్లోనో ఉంటే గడ్డి ముద్దలా కనిపిస్తాయి. అక్కడైతే చలికి కాళ్లు గడ్డకట్టకుండా వాటిని తొడుక్కుని కాపలా కాసిన మనిషి గుర్తొస్తాడు.

సైనికుల దగ్గర చిన్న లోహపు డబ్బీ ఉండేది. లోపలి కాగితంపై పేరు, ఊరు. దాన్ని జ్ఞాపికగా జేబులో వేసుకుంటే, పక్కనే దొరికే ఎముకలకు పేరు లేకుండా పోతుంది. అందుకే నా ఓటు మ్యూజియానికే.