మొటిమకు ఏది, మచ్చకు ఏది?

రోహిణికార్తెలో కోనసీమ ఉక్కపోతకు ముఖం జిడ్డోడటం సహజమే గాని, ఆ జిడ్డు వదలాలని రోజుకు నాలుగైదుసార్లు సబ్బుతో కడగడమూ, శనగపిండి నలుగుతో గరుకుగా రుద్దడమూ మొటిమలను తగ్గించవు. రుద్దిన చర్మం రేగుతుంది, చామనచాయ చర్మం రేగిన చోట నల్లమచ్చ మిగులుతుంది. అందుచేత మందును ఎంచేటప్పుడు అది మొటిమను ఎంత త్వరగా అణచుతుందన్నదాని కంటే, చర్మాన్ని ఎంత తక్కువ రేపుతుందన్నదే నేను ముందు చూస్తాను.

ఎర్రగా వాచి, చీము పట్టే మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ పూత మంచిది. మొటిమల సూక్ష్మజీవులను అది చంపుతుంది, యాంటీబయాటిక్ పూతలకు లొంగకుండా పోయినట్టు అవి దీనికి లొంగకుండా పోవు. 2.5 శాతం మందు దాదాపు 10 శాతం మందంత పనిచేస్తూ మంటను తక్కువగా పెడుతుంది కాబట్టి ఎక్కువ శాతం కోసం ఆశపడనక్కరలేదు. దిండు గలీబులను, రంగు చీరలను మాత్రం ఇది వెలిసిపోయేలా చేస్తుంది.

నల్లముల్లు, తెల్లముల్లు (బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్) ఎక్కువగా ఉన్నవారికి 0.1 శాతం అడాపలీన్ జెల్ మేలు. రంధ్రాలు మూసుకుపోవడాన్నే అది అడ్డుకుంటుంది గనుక కొత్త మొటిమకు మొదట్లోనే దారి మూస్తుంది. అయితే ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. తొలి వారాల్లో చర్మం ఎండి పొట్టు రాలుతుంది, కొందరికి మొటిమలు పెరిగినట్టు కూడా అనిపిస్తుంది. చాలామంది ఇక్కడే మానేస్తారు. రాత్రిపూట బఠాణీగింజంత జెల్‌ను ముఖమంతటికీ పలుచగా, మొదట రోజు విడిచి రోజు రాస్తే ఈ దశ సులువుగా గడుస్తుంది. గర్భిణులు, గర్భం కోరుకునేవారు దీనిని వాడరాదు.

మొటిమ తగ్గుముఖం పట్టి మచ్చలే బాధిస్తున్నవారికి నా ఓటు అజలాయిక్ ఆమ్లం ఉన్న పూతకే. మొటిమలకు పనిచేస్తూనే చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమును అది అడ్డుకుంటుంది. వైద్యులు గర్భిణులకు కూడా దీనిని సాధారణంగా సురక్షితమనే భావిస్తారు. పని నిదానమే, తొలి రోజుల్లో కాస్త చిమచిమ కూడా ఉంటుంది.

వీటన్నిటికంటే త్వరగా ముఖం తెల్లబడుతుందని మందులషాపులో చేతికిచ్చే క్రీమును ఈ పోటీలోకే రానివ్వను. అందులో స్టెరాయిడ్ ఉంటే మొదట నునుపు కనిపించి, కొన్నాళ్లకు చర్మం పలుచబడి, ఎర్రబారి, ఆపగానే మొటిమలు విరుచుకుపడతాయి. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్లడమూ అంతే, చర్మం కాలి కొత్త మచ్చ పడుతుంది.

ఏ మందు ఎంచినా, రొయ్యల చెరువు గట్టు మీదో వరిచేలోనో పగలంతా ఎండలో ఉండేవారు సన్‌స్క్రీన్, తలకు తువ్వాలు లేకుండా మచ్చ పోవాలనుకుంటే అది పోదు. గుంటలుగా మిగిలిన మచ్చలకు మాత్రం ఈ పూతలు చాలవు. వాటిని చర్మవైద్యులు సన్నని సూదులతో గుచ్చే చికిత్సతోనో, లేజర్‌తోనో సరిచేయాలి. ఇక కొబ్బరినూనె తలకే పరిమితం కావాలి, నుదుటి మీదికి జారితే అడాపలీన్ చేసిన పనిని అది చెడగొడుతుంది.